వెన్నెలకు తిథి, ఉల్కలకు కార్తె

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయములోని పుస్తకములు చదువుటకు దీపము కావలెను. దీపము లార్పిన పిమ్మట మాత్రమే చదువుటకు వీలగు పుస్తక మొకటి కలదు. అది ఆకాశము. దానికి చందా లేదు. గడువు తీరినదని తిరిగి ఇచ్చివేయ నక్కరలేదు. పూర్వులు ఆ పుస్తకమును చదివి, అందలి సారమును పంచాంగ మను పేర ఏటేట ఇంటింటికి అందజేసిరి. నేడు పంచాంగము గోడమీది క్యాలెండరులో నున్నది, చేతిలోని ఫోనులో నున్నది. నేటి తిథి యేదని అడిగినచో గోడవైపు చూచువారు కలరు. వాకిట నిలిచి పడమటి దిక్కు చూచి చెప్పువారు అరుదైపోయిరి. లెక్క మిగిలినది, లెక్కింపబడిన వస్తువు మరుగున పడినది.

ఈ ఉపన్యాసమునకు విషయములు రెండు. ఒకటి, చైత్ర వైశాఖములలో చంద్రుని వృద్ధి క్షయములు. రెండవది, ఆ మాసములలోనే ఏటేట వచ్చు రెండు ఉల్కాపాతములు. ఈ రెంటికి సంబంధ మేమని శంకింప వచ్చును. ఉల్కను చూచుటకు చీకటి కావలెను. రాత్రి యందు ఏ జామున చీకటి యుండునో నిర్ణయించువాడు చంద్రుడు. చంద్రుని లెక్క తెలియనివాడు నిద్ర మేల్కొనియు ఫలము పొందడు. కనుక ముందుగా చంద్రుని సంగతి తెలిసికొనవలెను.

చంద్రునకు స్వంత కాంతి లేదు. సూర్యకాంతి పడి ప్రకాశించునని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున ఆర్యభటుడు స్పష్టముగా చెప్పియున్నాడు. నక్షత్రముల నడుమ సూర్యుడు దినమునకు సుమారు 1 భాగ, చంద్రుడు సుమారు 13 భాగలు తూర్పునకు జరుగుదురు. ఆకాశ వృత్తమంతయు 360 భాగలు. నేటి బడిపిల్లలు భాగను డిగ్రీ యందురు. ఈ నడకల భేదముచేత చంద్రుడు సూర్యుని దినమునకు 12 భాగలు మించి పోవును. ఆ 12 భాగల దూరమునకే తిథి యని పేరు. 30 తిథులు గడచునప్పటికి చంద్రుడు చుట్టు తిరిగి సూర్యుని మరల కలిసికొనును. ఇందులకు పట్టు కాలము సగటున 29 దినముల 12 గంటల 44 నిమిషములు. చంద్రుని నడక ఎల్లప్పుడు ఒకే వేగమున సాగదు. అందువలననే తిథి ఒకప్పుడు 60 ఘడియలకు తగ్గియు, ఒకప్పుడు మించియు నుండును. పంచాంగములో తిథి ద్వయములు, తిథి క్షయములు వచ్చుటకు కారణ మిదియే.

ఈ దూరమును కొలుచుటకు యంత్రము అక్కరలేదు. చేయి బారగా చాచి, పిడికిలి బిగించి, ఒక కన్ను మూసి చూచినచో పిడికిలి వెడల్పు ఆకాశమున సుమారు 10 భాగలను కప్పును. శుద్ధ పంచమి నాడు సూర్యుడు గ్రుంకుచున్న సమయమున సూర్యుని నుండి చంద్రుని వరకు పిడికిళ్ళు పేర్చినచో ఇంచుమించు ఆరు పట్టును. పన్నెండింట అయిదు అరువది గదా! అష్టమి నాడు తొమ్మిది, పది పట్టును. చదువురాని వాడైనను ఈ విధమున తిథిని కొలిచి చెప్పగలడు.

వెన్నెల ఎంతసేపుండునో తెలిసికొనుటకు సులభమైన లెక్క యొకటి కలదు. శుక్ల పక్షమున తిథి సంఖ్యను రెట్టించినచో అన్ని ఘడియలు వెన్నెల యుండును. ఘడియ యనగా 24 నిమిషములు. పంచమి నాడు 10 ఘడియలు, అనగా ప్రొద్దు గ్రుంకిన నాలుగు గంటలకు చంద్రుడు అస్తమించును. దశమి నాడు 20 ఘడియలు, అనగా ఎనిమిది గంటలు. పున్నమ నాడు 30 ఘడియలు, రాత్రియంతయు వెన్నెలయే. బహుళ పక్షమున ఈ లెక్కయే తలక్రిందులగును. తిథిని రెట్టించినన్ని ఘడియలు మొదట చీకటి, తరువాత చంద్రోదయము. బహుళ చవితి నాడు 8 ఘడియలు, బహుళ అష్టమి నాడు 16 ఘడియలు చీకటి. దీనిలో ఒకటి రెండు ఘడియలు అటునిటు కావచ్చును గాని, పొలమునకు నీరు పెట్టుటకు పోవు రైతునకు, ఉల్కను చూడగోరు విద్యార్థికి ఇది చాలును.

వసంతమున చంద్రుని చూచువారికి ఒక విశేషము గోచరించును. చైత్ర శుద్ధ విదియ, తదియలలో పడమట కనబడు చంద్రరేఖ రెండు కొమ్ములను పైకెత్తి, నీటిపై తేలు పడవవలె వెల్లకిల నుండును. ఆశ్వయుజమున అదే విదియ రేఖ ప్రక్కకు ఒరిగి నిలిచియుండును. ఆకారమును బట్టి దేశమునకు సుభిక్ష దుర్భిక్షములను చెప్పు ఆచారము పూర్వము కలదు. వరాహమిహిరుని బృహత్సంహితలో చంద్రచారాధ్యాయమున పడవ, నాగలి మొదలగు ఆకృతులు పేర్కొనబడినవి. ఆకృతులు వట్టి కల్పనలు కావు. కంటితో చూచి వ్రాసినవే. కారణము మాత్రము దేశము యొక్క పుణ్యపాపములు కావు. సూర్యచంద్రులు నడచు మార్గము వసంతకాలపు సాయంసంధ్యలలో తెలుగు సీమ వంటి ప్రదేశములలో పడమటి దిక్కున ఇంచుమించు నిట్టనిలువుగా లేచియుండును. సూర్యుడు సరిగా క్రిందనుండుట చేత చంద్రుని అడుగుభాగము వెలుగును. శరత్కాలమున ఆ మార్గము దక్షిణమునకు వ్రాలి యుండును. రేఖయు దానితో కూడ ఒరుగును. ఋతువు మారినచో పడవ మారును, అంతియే.

ఆ విదియ, తదియలలోనే చంద్రరేఖ ఒడిలో తక్కిన బింబమంతయు మసకగా కనబడును. అది భూమి వెలుగు. సూర్యకాంతి భూమిమీద పడి, అచ్చట నుండి చంద్రునిపై పడి, మరల కంటికి చేరుచున్నది. చంద్రునిపై నిలిచి చూచువానికి ఆనాడు భూమి ఇంచుమించు పున్నమ చంద్రునివలె నిండుగా కనబడును.

మాసములకు పేరు లెట్లు వచ్చినవో పున్నమ నాడు ఆకాశమే చెప్పును. ఉత్తరమున సప్తర్షి మండలము తోకను వంపు ననుసరించి ముందునకు సాగించినచో పసిమి ఛాయగల స్వాతి తగులును. ఇంకను సాగించినచో తెల్లని చిత్త తగులును. చైత్ర పూర్ణిమ నాడు చంద్రుడు ఆ చిత్త సమీపమున నుండును. వైశాఖ పూర్ణిమ నాటికి విశాఖ దరికి చేరును. ఈ సంగతి ఒక్కమారు కంటితో చూచిన పిల్లవానికి మాసముల పేర్లు వల్లె వేయవలసిన పని యుండదు.

ఇక ఉల్కల సంగతి. చుక్క తెగిపడిన దనియు, ఎవరో మహానుభావుడు గతించెననియు పల్లెలలో అనుకొనుట కలదు. పెద్దలు పిల్లల కన్నులు మూయుటయు కలదు. బృహత్సంహితలో ఉల్కలకై ప్రత్యేకముగా ఒక అధ్యాయమే యున్నది. స్వర్గమున పుణ్యఫలము ననుభవించి తిరిగి పడువారి రూపములే ఉల్కలని వరాహమిహిరుడు చెప్పి, వానిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని అయిదు తెగలుగా విభజించెను. పరిమాణము, తోక, ధ్వని, కాంతి - వీనిని బట్టి చేసిన విభాగ మది. చూచిన దానిని చూచినట్లు తెగలుగా ఏర్పరచుటలో ఆ మహనీయుని శ్రద్ధ గొప్పది. అసలు కారణము తెలియుటకు మాత్రము మఱి పదమూడు శతాబ్దములు పట్టినది.

1833వ సంవత్సరము నవంబరు మాసమున ఒక రాత్రి అమెరికాలో ఉల్కలు వడగండ్లవలె కురిసినవి. అవి యన్నియు ఆకాశమున ఒకే చోటనుండి వెలువడుచున్నట్లు తోచెను. అప్పటినుండి పండితుల దృష్టి ఈ విషయముపై నిలిచినది. 1866లో ఇటలీ దేశీయుడగు స్కియాపరెల్లి, ఆగస్టు మాసపు ఉల్కల మార్గమును, ఒక తోకచుక్క మార్గమును ఒక్కటే యని నిరూపించెను. చిక్కుముడి వీడినది.

తోకచుక్క యనగా మంచు, ధూళి కలిసిన గడ్డ. అది సూర్యుని సమీపించినప్పుడు మంచు ఆవిరియై, దానితోపాటు ధూళియు ఇసుకరేణువులును వెలువడును. చిరుగుపట్టిన గోతములో ధాన్యము వేసికొని బండి పోయినచో దారి పొడవునను గింజలు రాలియుండును గదా! తోకచుక్క దారియు నట్టిదే. బండి ఎప్పుడో పోయినది. గింజలు మాత్రము దారిలో నున్నవి. భూమి సూర్యుని చుట్టు తిరుగుచు ఏటేట అదే చోట ఆ దారిని అడ్డముగా దాటును. దాటునప్పుడు ఆ రేణువులు గాలిపొరలలో అతివేగముగా ప్రవేశించి, భూమికి సుమారు 80 మొదలు 120 కిలోమీటర్ల ఎత్తున మండి మసియగును. ఇదియే ఉల్కాపాతము. రాలునది చుక్క కాదు. ఇసుకరేణువంత, బఠాణీ గింజంత పదార్థము. అది నేలవరకు రాదు. ఎవరికిని హాని చేయదు. ఆకాశమున నొక చుక్కయు తగ్గదు.

వసంతమున ఇట్టి దారులు రెండు తగులును.

మొదటిది ఏప్రిల్ 22వ తేదీ రాత్రి ముమ్మరించును. అటునిటు మూడు నాలుగు దినములు కొంచెము కొంచెముగా కనబడును. ఈ ఉల్కలు అభిజిత్ నక్షత్రము చేరువనుండి వెలువడునట్లు తోచును. ఇరువది యేడు నక్షత్రములకు తోడు ఇరువది యెనిమిదవదిగా పురాణములలో పేర్కొనబడు అభిజిత్తు ఇదియే. వీనికి మూలమగు తోకచుక్కను 1861లో అమెరికాలో థాచర్ అను నతడు కనుగొనెను. అది సూర్యుని ఒకమారు చుట్టివచ్చుటకు 400 సంవత్సరములకు పైగా పట్టును. దాని రేణువులు సెకండునకు 47 కిలోమీటర్లకు పైబడిన వేగమున వచ్చి తగులును. చీకటి రాత్రి, నిర్మలాకాశమున గంటకు 10, 15 ఉల్కలు చూడవచ్చును. ఎప్పుడైన ఒక సంవత్సరము అధికముగా కురియుటయు కలదు. 1803లో అమెరికాలోని రిచ్‌మండు పట్టణమున అగ్నిప్రమాదపు గంట మ్రోగగా వీధులలోనికి వచ్చిన జనులు మంటలకు బదులు ఆకాశమున ఉల్కల వర్షమును చూచిరి. 1982లో కొద్దిసేపు గంటకు 90 చొప్పున పడినవి. అట్టి వర్షము ప్రతి యేట వచ్చునని ఆశింపరాదు.

రెండవది మే 5, 6 తేదీలలో ముమ్మరించును. వీనికి మూలము సుప్రసిద్ధమైన హేలీ తోకచుక్క. అది 75, 76 సంవత్సరముల కొకమారు వచ్చును. 1910లో వచ్చినది, 1986లో వచ్చినది. మరల 2061లో రావలెను. తోకచుక్కను చూచు భాగ్యము జీవితమున ఒకమారు కలుగుటయే దుర్లభము. దాని ధూళిని మాత్రము ఏటేట రెండుమార్లు, మే మాసమునను అక్టోబరు మాసమునను, చూడవచ్చును. మే మాసపు ఉల్కలు కుంభరాశి నుండి, శతభిషము సమీపము నుండి వెలువడునట్లు కనబడును. వీని వేగము సెకండునకు 66 కిలోమీటర్లు. ఐరోపా దేశములలో కుంభరాశి లేచులోపలనే తెల్లవారును. అచ్చటివారికి ఇవి అంతంతమాత్రమే. తెలుగు దేశము భూమధ్యరేఖకు దగ్గర యగుటచేత ఇచ్చట గంటకు 20, 30 వరకు కనబడు నవకాశము కలదు. ఈ విషయమున ఈ సీమవారు అదృష్టవంతులు.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. ఈ ఉల్కాపాతములను పంచాంగములో ఏ తిథికి చేర్చి వ్రాసికొనవలెను?

ఏ తిథికిని చేర్చరాదు. తిథి చంద్రుని లెక్క. ఉల్కలు చంద్రునితో పొత్తు లేనివి. భూమి తన దారిలో ఒకానొక చోటికి చేరినప్పుడు అవి పడును. భూమి ఎచ్చట నున్నదో తెలుపునది సూర్యుని స్థానము. సూర్యుడు ఏ నక్షత్రమున నున్నాడో తెలుపు లెక్క రైతులందరికి కంఠస్థము. దానినే కార్తె యందురు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుననియు, మృగశిరలో ముంగిళ్ళు చల్లబడుననియు ఎఱుగని కాపు లేడు. ఏప్రిల్ 14 ప్రాంతమున మేష సంక్రమణముతో అశ్వని కార్తె ప్రవేశించి 27 వరకు నుండును. అటుపిమ్మట మే 11 వరకు భరణి కార్తె. కనుక అభిజిత్ ఉల్కలు అశ్వని కార్తె నడుమను, హేలీ ఉల్కలు భరణి కార్తె నడుమను పడును. ఈ సంవత్సరము, వచ్చు సంవత్సరము, మనుమల కాలమునను ఇట్లే.

కార్తె లెక్క యొక్క బలము చూపుటకు ఒక చరిత్ర కలదు. అభిజిత్ ఉల్కలను గూర్చి మిక్కిలి ప్రాచీనమైన వ్రాత చైనా దేశమున క్రీ.పూ. 687 నాటిది. నక్షత్రములు వానవలె పడినవని అందున్నది. నేటి ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారము వెనుకకు లెక్కించినచో అది మార్చి మాసపు నడిమి భాగము. నేడు అవే ఉల్కలు ఏప్రిల్ 22న పడుచున్నవి. అనగా 2,700 సంవత్సరములలో తేదీ సుమారు 38 దినములు ముందునకు జరిగినది. కారణ మేమనగా, ఇంగ్లీషు తేదీ ఋతువులను పట్టుకొని నడచును. ఋతువులు నక్షత్రములతో పోల్చినచో సుమారు 72 సంవత్సరముల కొక దినము చొప్పున జరుగును. దీనినే అయన చలన మందురు. కార్తె యన్ననో నక్షత్రములనే పట్టుకొన్న లెక్క. ఆ చైనా రాత్రి సూర్యుడు ఏ నక్షత్ర భాగమున నుండెనో, నేటి ఉల్కల రాత్రియందును అచ్చటనే యుండును. ఏప్రిల్ 22 అను తేదీ కొన్ని వందల యేండ్లకు చెడిపోవును. అశ్వని కార్తె యను మాట నిలుచును.

వెన్నెల సంగతి అట్లు కాదు. పండ్రెండు చాంద్రమాసములకు 354 దినములు. సౌర సంవత్సరమునకు 365 దినములు. ఏటేట 11 దినములు తక్కువపడును. ఆ తక్కువ పేరుకొని నెల దినములైనప్పుడు అధిక మాసము వేసి సరిచేయుదురు. 2023లో ఉగాది మార్చి 22న వచ్చినది. ఆ శోభకృత్ సంవత్సరమున అధిక శ్రావణము వచ్చుటచేత మరుసటి ఉగాది 2024 ఏప్రిల్ 9న పడినది. 2025లో మార్చి 30కి వెనుకకు వచ్చినది. కనుక ఒకే కార్తెలో ఒక యేడు అమావాస్య, మఱియొక యేడు పున్నమ తగులును. ఉల్కలకు కార్తె, వెన్నెలకు తిథి - ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచువానికే ఏ యేడు ఎప్పుడు మేల్కొనవలెనో తెలియును.

అట్లు ప్రక్కప్రక్కన పెట్టి చూడగా ఒక చక్కని సంగతి తేలును. ఏప్రిల్ 22కు, మే 6కు నడుమ 14 దినములు. పున్నమకు అమావాస్యకు నడుమ సగటున ముక్కాలు తక్కువ 15½ దినములు, అనగా 14¾. రెండును ఇంచుమించు సమానము! కావున ఒక ఉల్కాపాతము పున్నమ వెన్నెలలో మునిగినచో రెండవది తప్పక అమావాస్య చీకటిలో పడవలెను. ఆకాశము ఒక చేత తీసికొని రెండవ చేత నిచ్చుచున్నది.

గడచిన సంవత్సరములలో ఇది సరిపోయినదా యని పరీక్షింపవచ్చును. 2023లో ఏప్రిల్ 22 అక్షయ తదియ. చంద్రుడు సాయంకాలమే అస్తమించెను, అభిజిత్ ఉల్కలకు పూర్తి చీకటి. మే 5 వైశాఖ పూర్ణిమ. హేలీ ఉల్కలు వెన్నెల పాలైనవి. 2024, క్రోధి సంవత్సరమున అంతయు తారుమారు. ఏప్రిల్ 23 చైత్ర పూర్ణిమ. అభిజిత్ ఉల్కలు వెలవెలబోయినవి. మే 6 తెల్లవారుజామునకు చైత్ర బహుళ త్రయోదశి. హేలీ ఉల్కలకు చీకటి సమృద్ధి. 2025, విశ్వావసు సంవత్సరమున రెండును నడిమి తిథులలో వచ్చినవి. అభిజిత్ ఉల్కల రాత్రి చైత్ర బహుళ దశమి, చంద్రుడు అర్ధరాత్రి దాటిన పిమ్మట లేచెను; అంతవరకు చీకటి. హేలీ ఉల్కల రాత్రి వైశాఖ శుద్ధ నవమి, చంద్రుడు అర్ధరాత్రి దాటిన పిమ్మట గ్రుంకెను. తరువాత తెల్లవారుజామున చీకటి. లెక్క తప్పలేదు. ఏ వసంతమునను రెండు పాతములును ఒక్కసారిగా వెన్నెల పాలు కావు.

ఇంకొక లెక్కయు గుర్తుంచుకొనదగినది. 19 సౌర సంవత్సరములకు 235 చాంద్రమాసములు సరిపోవును; ఒక్క పూట తేడాయైనను రాదు. ఆ 19 సంవత్సరములలో 7 అధిక మాసములు వచ్చును. కనుక 2024 వసంతమున ఉల్కలకు తగిలిన తిథులే 2043 వసంతమున ఇంచుమించుగా మరల తగులును. నేటి పసిపిల్లవాడు పెద్దవాడై ఆ సంవత్సరమున పరీక్షించి చూడవచ్చును.

చూచు విధానము మిక్కిలి సులభము. దూరదర్శిని అక్కరలేదు, దానితో చూచినచో ఆకాశమున కొంచెము భాగమే కనబడును గాన అది అడ్డమే. కావలసినవి మంచము, ఓపిక. వేసవి రాత్రులలో ఆరుబయట నులక మంచముపై వెల్లకిల పరుండు తెలుగువారి ఆచారమే ఉల్కలను చూచుటకు ఉత్తమాసనము. చీకటికి కన్నులు అలవాటు పడుటకు 20 నిమిషములు పట్టును. ఆ నడుమ ఒక్కమారు ఫోను వెలుగు చూచినను ఆ 20 నిమిషములు మరల మొదటినుండి గడుపవలెను. అభిజిత్తు రాత్రి పది గంటల ప్రాంతమున ఈశాన్యమున ఉదయించును. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఉత్తరమున చాల ఎత్తున నుండును. కుంభరాశి రెండు గంటల ప్రాంతమున తూర్పున లేచును. కనుక అభిజిత్ ఉల్కలకు అర్ధరాత్రి మొదలు, హేలీ ఉల్కలకు మూడు గంటలు మొదలు తొలివెలుగు వచ్చువరకు తగిన కాలము. వెలువడు చోటినే తదేకముగా చూడ నక్కరలేదు. ఆకాశమున ఎచ్చటనైనను ఉల్క కనబడవచ్చును. అది వచ్చిన దారిని వెనుకకు సాగించినచో ఆ చోటు తగులును. దూరమున రైలు పట్టాలు రెండును ఒకచోట కలిసినట్లు తోచుటకు, ఉల్కల దారులు ఒకచోట కలిసినట్లు తోచుటకు కారణ మొక్కటే.

వేకువ జామున ఉల్క లధికముగా కనబడుటకును కారణము కలదు. వానలో పరుగెత్తువానికి వీపుకన్న ఎదురురొమ్ము ఎక్కువ తడియును. భూమి తన దారిలో సెకండునకు 30 కిలోమీటర్ల వేగమున పరుగెత్తుచున్నది. వేకువయందు ఉన్న ప్రదేశము ఆ పరుగునకు ఎదురు ప్రక్కన నుండును.

ఇంతవరకు చెప్పినదానికి ఒక ముప్పు ఏర్పడుచున్నది. చంద్రుడు పదునైదు దినములు వెన్నెల నిచ్చి, పదునైదు దినములు చీకటిని తిరిగి ఇచ్చును. విద్యుద్దీపములు అట్లు కావు. వానికి బహుళ పక్షము లేదు. పట్టణములలో చాల చోట్ల ఉల్కల మాట యటుండగా సప్తర్షులను కూడ పూర్తిగా లెక్కించుట కష్టమైనది. లదాఖ్ లోని హాన్లే ప్రాంతమున 2022లో చీకటి ఆకాశమునకు రక్షణ కల్పించుచు ప్రభుత్వము ప్రకటన చేయవలసి వచ్చినది. చీకటియు కాపాడుకొనవలసిన ఆస్తియే యని దీనివలన తెలియుచున్నది. పల్లెలకు ఆ ఆస్తి ఇంకను కొంత మిగిలియున్నది. వీథిదీపములు వలదని ఎవరును అనరు. పాము, గోయి కనబడుటకు వెలుగు కావలెను. ఆ వెలుగు నేలపై పడవలెను గాని ఆకాశముపై పడరాదు. దీపమునకు పైన మూత యున్నచో దారి బాగుగా కనబడును, చుక్కలును కనబడును. పంచాయతీవారు క్రొత్త దీపములు వేయించునప్పుడు ఈ మాట తలచుకొన్నచో ఖర్చు పెరుగదు.

ఇక గ్రంథాలయమునకు తగిన పని యొకటి కలదు. ఒక గట్టి అట్ట పుస్తకము తీసికొని దానికి ఉల్కల పుస్తక మని పేరు పెట్టవలెను. ఏటేట అశ్వని, భరణి కార్తెలలో బడిపిల్లలు నలుగురైదుగురు ఒక పెద్దవాని తోడుతో ఆరుబయట పరుండి, గంటగంటకు కనబడిన ఉల్కలను లెక్కించి అందులో వ్రాయవలెను. తేదీ, తిథి, కార్తె, చూచిన గంటలు, ఉల్కల సంఖ్య, మబ్బు ఉన్నదా లేదా - ఈ ఆరు గడులు చాలును. ఏమియు కనబడని రాత్రిని కూడ వ్రాయవలెను. కనబడినవే వ్రాసి కనబడనివి విడుచుట దొంగలెక్క. తిరుపతి సమీపమున గాదంకిలోని రాడారు వంటి యంత్రములు గాలిపొరలలో మండు ఉల్కల జాడలను పట్టుచున్నవి. యంత్రము పని యంత్రము చేయును. ఒక ఊరి ఆకాశమున ఏ యేడు ఎన్ని కనబడినవను లెక్క ఆ ఊరివారే వ్రాసికొనవలెను.

రజతోత్సవము నాడు ఆ పుస్తకము ప్రారంభించినచో స్వర్ణోత్సవము నాటికి ఇరువదియైదు వసంతముల లెక్క చేతికి వచ్చును. 19 సంవత్సరముల చక్రము ఒకటి పూర్తియై, తిథులు తిరిగి వచ్చినవో లేదో తేలిపోవును. ఉల్కలు తగ్గినవా, దీపములు పెరిగినవా యనునదియు ఆ గడులే చెప్పును. 2061లో హేలీ తోకచుక్క వచ్చునప్పటికి, దాని ధూళిని ఇన్నేండ్లుగా లెక్కించిన ఊరు ఒకటి సిద్ధముగా నుండును. ఆ పుస్తకమున మొదటి పుటలో తమ పిల్లల పేరులు చేర్చుటకు తల్లిదండ్రులు ముందునకు రావలెనని ప్రార్థన.

స్వస్తి.